పాత కారూ, మాస్టారి ప్రశ్నా

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల క్రితం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "స్వర్ణోత్సవంలో నువ్వొక ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ఇంజినీరువి కదా, అందరికీ పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు. "మా పాత కారు ముందు చక్రాల గురించి చెబుతానండీ" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "సరే, భోజనాలకు ముందు పెడతాం, తొందరగా ముగించు" అన్నారు. కాబట్టి మీ ఆకలి సంగతి నాకు గుర్తుంది.

నేను ఈ బడిలో 1985లో పదో తరగతి పాసయ్యాను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ముప్ఫై ఏళ్ళుగా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో పనిచేస్తున్నాను. టర్బైన్ల వైబ్రేషన్ చూడడం నా పని. నిమిషానికి 3000 చుట్లు తిరిగే యంత్రం మైక్రాన్ల లెక్కలో అదిరినా, ఎక్కడ అదురుతోంది, ఎందుకు అదురుతోంది అన్నది చెప్పాలి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అలాంటి పని చేసే మనిషి, సొంత కారులో చేతికి తెలిసేంత లూజుని ఏడాదిపాటు కనిపెట్టలేకపోయాడు. ఆ కథే ఇవాళ చెప్పబోతున్నాను. మా సైన్సు మాస్టారు మొదటి వరుసలోనే కూర్చున్నారు కాబట్టి కోతలు కోసే వీలు లేదు.

ఆ కారు 1997 మోడల్ మారుతి 800. నాన్నగారు రిటైరవడానికి ఏడాది ముందు పీఎఫ్ లోను పెట్టి కొన్నారు. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజను, పన్నెండు అంగుళాల చక్రాలు. కొన్న రోజున మా వీధివీధంతా వచ్చి చూసింది. ఆయన 2020లో పోయేదాకా ఆ కారుని పసిపిల్లలా చూసుకున్నారు. ఎప్పుడు ఎన్ని లీటర్లు పోయించారో, ఎప్పుడు ఏ రిపేరు చేయించారో డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి పెట్టుకునేవారు. ఆ పుస్తకం సంగతి తర్వాత చెబుతాను.

సొంత కారుకి పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ ఐదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించాలి కదా. 2022లో ఆ పని పడేసరికి మా పిల్లలు "అమ్మేయండి నాన్నా, ఇంకెన్నాళ్ళు" అన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదు. "ఆ కారెక్కితేనే నాకు కళ్ళు తిరగవు" అంది. ఆ మాటలో నిజమెంతో నాకు తెలుసు. ఆవిడకి కారు అక్కర్లేదు, ఆ ముందు సీటు కావాలి. అందుకని ఉంచేశాం.

ఆ ఏడాదే శబ్దం మొదలైంది. ముందు ఎడమ వైపు నుంచి. చిన్న రాయి ఎక్కినా, రోడ్డు మీద అతుకు దాటినా టక్, టక్. బ్రేకు తొక్కితే బండి కొంచెం ఎడమకి లాగేది. ఎడమ టైరు లోపలి అంచు మిగతా టైరు కన్నా ముందే నున్నగా అరిగిపోతోంది.

నేను ఏం చేశానంటే, నాకు తెలిసిన ఒక గ్యారేజీకి తీసుకెళ్ళి, "ముందు షాకబ్జార్బర్లు పోయాయి, రెండూ మార్చేయండి" అన్నాను. వాళ్ళు మార్చారు. వాళ్ళ తప్పేమీ లేదు. రోగం పేరు నేనే చెప్పాను, మందు వాళ్ళిచ్చారు. ఐదు వేలు దాటింది. బండి ప్రయాణం కొంచెం మెత్తబడింది. శబ్దం మాత్రం అలాగే ఉంది.

తర్వాత వీల్ ఎలైన్‌మెంట్ చేయించాను. కంప్యూటర్ తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చ రంగులోకి వచ్చాయి. టైరు అరుగుదల ఆగలేదు. మూడు నెలలకి మళ్ళీ చేయించాను. మళ్ళీ ఆకుపచ్చే. మళ్ళీ అరుగుదలే.

మూడోసారి, "కింద రబ్బరు బుష్‌లు పాతవి కదా, అవీ మార్చేద్దాం" అని ఇంటి దగ్గర ఒక కుర్రాడిని పట్టుకుని మార్పించాను. పక్కన నిలబడి చూశాను కూడా. శబ్దం పోయింది! అమ్మకి చెప్పాను, ఆఫీసులో చెప్పాను. నాలుగు నెలలకి తిరిగి వచ్చింది.

ఇక్కడ మిమ్మల్ని ఒక్క నిమిషం మా తొమ్మిదో తరగతి గదిలోకి తీసుకెళ్తాను. వేపచెట్టు వైపు కిటికీ ఉన్న గది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒకరోజు మాస్టారు కిటికీ ఊచకి ఒక స్ప్రింగు కట్టి, దానికి ఇటుక వేలాడదీశారు. కిందికి లాగి వదిలారు. అది పైకీ కిందికీ ఊగుతూనే ఉంది, మేం లెక్కపెడుతూనే ఉన్నాం. తర్వాత ఇటుక మునిగేలా కింద నీళ్ళ బకెట్ పెట్టి మళ్ళీ లాగి వదిలారు. నాలుగైదు ఊపుల్లో ఆగిపోయింది.

"ఊపు ఎక్కడికి పోయిందిరా?" అన్నారు మాస్టారు.

"నీళ్ళలోకి పోయింది సార్" అన్నాడు మావాడొకడు.

"ఎలా తెలిసింది?"

వాడి నోట మాట లేదు. నిజానికి జవాబు సరైనదే. అయినా మాస్టారు వదల్లేదు. మళ్ళీ లాగి వదిలి, బకెట్‌లో నీళ్ళు ఎలా చెదురుతున్నాయో చూపించి, "ఇదిగో, ఇలా తెలిసింది అని చెప్పాలి. సరైన జవాబు గుడ్డిగా కూడా తగలొచ్చు. ఎలా తెలిసిందో చెప్పగలిగితేనే అది నీది" అన్నారు. మూడేళ్ళలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎన్నిసార్లు అడిగుంటారో లెక్కలేదు. మేం చాటుగా ఆయనకి ఆ పేరే పెట్టుకున్నాం. క్షమించాలి మాస్టారూ, ఇన్నాళ్ళకి బయటపెడుతున్నాను.

కారులో స్ప్రింగు, షాకబ్జార్బరు సరిగ్గా ఆ ఇటుకా బకెట్టే. షాకబ్జార్బర్ అనే పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బ తీసుకునేది స్ప్రింగు. తీసుకున్నది తీసుకున్నట్టే తిరిగి ఇవ్వబోతుంది, దాంతో బండి ఊగుతుంది. ఆ ఊపుని నూనెలో వేడిగా మార్చి చంపేది షాకబ్జార్బరు. మామూలు కారు బాడీ సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగే లక్షణంతో ఉంటుంది. షాకు పోతే బండి ఆ వేగంతో పడవలా ఊగుతుంది. నా కారు ఊగడం లేదు. టక్ టక్ అంటోంది. ఆ రెండూ వేరు. తొమ్మిదో తరగతి పిల్లవాడు చెప్పగలిగిన మాట నేను చెప్పలేకపోయాను, ఎందుకంటే నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

సరే, శబ్దం తిరిగి వచ్చాక ఒక రోజు అమ్మకి ఒంట్లో బాగాలేకపోతే రాత్రిపూట ఆ కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. జ్వరమే, తెల్లారేసరికి తగ్గింది. ఇంటి దగ్గర దింపి, ఆ మర్నాడు సెలవు పెట్టి విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. ఆటోనగర్ గురించి మీకు చెప్పేదేముంది. లారీ బాడీల దగ్గర్నుంచి చిన్న నట్టు దాకా అక్కడ దొరకనిది ఉండదు. ఒక సందులో, పాత చిన్న కార్ల అండర్ ఛాసిస్ పని మాత్రమే చేసే ఒక మేస్త్రి గారున్నారు. అరవై దాటి ఉంటాయి. నేను కారు దిగుతూనే, "షాకులు కొత్తవే, బుష్‌లు కొత్తవే, ఎలైన్‌మెంట్ రెండుసార్లు అయింది" అని చెప్పుకుపోయాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, తాపీగా అడిగారు.

"షాకులు పోయాయని మీకు ఎలా తెలిసింది సార్?"

నాకు ఒళ్ళు జలదరించింది. అచ్చం అవే మాటలు. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత, ఇనప తుక్కు మధ్యలో.

ఆయన ముందు కారు కింద చూడలేదు. నన్నే కొన్ని ప్రశ్నలు వేశారు. బ్రేకు తొక్కినప్పుడు చప్పుడు వస్తుందా, వదిలినప్పుడా? మలుపులోనా, తిన్నగా వెళ్తున్నప్పుడా? ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పితే వస్తుందా? తర్వాత పక్కన కూర్చుని నన్నే నడపమన్నారు. స్పీడ్‌బ్రేకర్ మీదకి తిన్నగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా పోనిమ్మన్నారు. చప్పుడు రాలేదు. రోడ్డు అంచున ఒక్క ఎడమ చక్రం మాత్రమే రాయి ఎక్కేలా పోనిమ్మన్నారు. టక్. "రెండూ కలిసి లేస్తే లేదు. ఒక్కటి లేస్తేనే ఉంది. అడ్డరాడ్డు బుష్ అడగాల్సిన మాట ఇది" అన్నారు.

ఆ అడ్డరాడ్డు గురించి రెండు ముక్కలు. మారుతి 800 ముందు చక్రాన్ని పైనుంచి ఒక స్ట్రట్ పట్టుకుంటుంది. స్ట్రట్ అంటే షాకబ్జార్బరుకి స్ప్రింగు తొడిగిన నిలువు కాలు. 1940ల్లో అమెరికాలో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజినీరు రూపొందించిన ఏర్పాటిది, ఇవాళ చిన్న కార్లలో చాలావాటికి ఇదే. కింద నుంచి లోయర్ ఆర్మ్ పట్టుకుంటుంది. ఆర్మ్ ఒక చివర రబ్బరు బుష్‌తో బాడీకి, రెండో చివర బాల్ జాయింట్‌తో చక్రం వైపుకి కలుస్తుంది. బాల్ జాయింట్ మన తుంటి కీలు లాంటిదే. గుండు, గిన్నె, మధ్యలో గ్రీజు, చుట్టూ దుమ్ము దూరకుండా రబ్బరు బూటు. ఎడమ కుడి ఆర్మ్‌లని కలుపుతూ అడ్డంగా వంపు తిరిగిన స్టెబిలైజర్ రాడ్డు ఉంటుంది. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ రాడ్డుకి మెలిక పడదు. ఒక్కటే లేస్తే మెలిక పడుతుంది, లూజు ఉంటే అప్పుడే కొడుతుంది. ఈ బండిలో ఆ రాడ్డుకి రెండో ఉద్యోగం కూడా ఉంది. ఆర్మ్ ముందుకీ వెనక్కీ పోకుండా పట్టుకునేది అదే. అందుకే దాని బుష్ పోతే బ్రేకు తొక్కినప్పుడు చక్రం కాస్త వెనక్కి జరిగి, బండి ఒక పక్కకి లాగుతుంది.

బండిని స్టాండ్ల మీదకి ఎత్తాక చూస్తే ఆయన చెప్పినట్టే రాడ్డు బుష్, ఆర్మ్ బుష్ రెండూ చీలిపోయి ఉన్నాయి. నాలుగు నెలల కిందట వేసిన కొత్త బుష్‌లు! "కంపెనీ సరుకు కాదేమో" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగించారు సార్" అన్నారు.

నేనది పక్కన నిలబడి చూశాను కాబట్టి కాదనలేకపోయాను. ఈ సంగతి మాత్రం కారున్న ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి. ఆర్మ్ బుష్ బేరింగులా తిరగదు. లోపలి ఇనప గొట్టాన్ని బోల్టు బిగించి పట్టేస్తుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా మధ్యలో రబ్బరు మెలి తిరిగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, రబ్బరుకి ఆ వేలాడే స్థితే విశ్రాంతి అవుతుంది. బండి నేల మీదకి దిగిన క్షణం నుంచి రబ్బరు మెలిపడే ఉంటుంది, ఇంట్లో నిలబెట్టి ఉన్నా సరే. పైన గతుకుల మెలిక అదనం. నాలుగు నెలలు బతకడమే గొప్ప. కాబట్టి బోల్టులు ముందు వదులుగా ఎక్కించి, బండిని దించి, బరువంతా చక్రాల మీద పడి, రెండుసార్లు ఊపి సర్దుకున్నాక అప్పుడు చివరి బిగింపు బిగించాలి. సరైన సామానే, సరైన చోటే, బిగించిన సమయం తప్పు.

చప్పుడు ఎక్కడిదో తేలింది కదా, ఇక మార్చేస్తే అయిపోతుంది అనుకున్నాను. మేస్త్రి గారు ఆగలేదు. చక్రాన్ని పైనా కిందా, గడియారంలో పన్నెండూ ఆరూ ఉండే చోట పట్టుకుని ఊపారు. కదిలింది. నన్ను లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకోమన్నారు. మళ్ళీ ఊపారు. మళ్ళీ కదిలింది. వీల్ బేరింగు లూజయితే బ్రేకు పట్టినప్పుడు ఆ కదలిక ఆగిపోతుంది. ఆగలేదంటే లూజు బేరింగులో లేదు, ఇంకా లోపల ఉంది. తర్వాత ఆర్మ్‌కీ చక్రం పట్టుకున్న నకిల్‌కీ మధ్య టామీ రాడ్ పెట్టి ఎత్తారు. బాల్ జాయింట్ లోంచి గుండు పైకీ కిందికీ జారడం నా కళ్ళతో చూశాను.

"దిగండి సార్, చూపిస్తాను" అని బోల్టు తీసి, ఆర్మ్ కిందికి వంచి, గుండు కాడ పట్టుకుని లాగారు. సుత్తి లేదు, పుల్లర్ లేదు. గిన్నెలోంచి గుండు ఆయన చేతిలోకి ఊడి వచ్చేసింది. తుప్పు రంగులో, ఒక పక్క అరిగి, కోడిగుడ్డు ఆకారంలో ఉంది. రబ్బరు బూటు చిరిగి పీలికలై ఉంది. లోపల గ్రీజు బదులు ఎర్రటి ఇసుక ముద్ద.

ఈ రకం బండిలో బాల్ జాయింట్ మీద కారు బరువు ఉండదు, బరువంతా స్ట్రట్ మోస్తుంది. కానీ చక్రం పాదం పక్కకి జారకుండా పట్టుకునేది అదొక్కటే. అది ఊడితే చక్రం కింది భాగం బయటికి తన్నుకుపోయి, బండి ఆ మూలన కూలబడుతుంది. ఇక స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. ముందు రోజు రాత్రే నేను మా అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, కాలవ గట్టు రోడ్డు మీద గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్ళాను.

ఏడాదిగా నేను వెంటపడింది చప్పుడు వెనక. చప్పుడు చేసింది బుష్. బాల్ జాయింట్ నోరెత్తలేదు. అది వేరే భాషలో చెబుతూనే ఉంది. టైరు లోపలి అంచు అరుగుదల దాని మాటే. ఒక డిగ్రీ పక్కకి తిరిగిన చక్రం కిలోమీటరు నడిస్తే, దాదాపు 17 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోయినంత రాపిడి. ఎలైన్‌మెంట్ యంత్రం ముందు బండి కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి అంకెలు సరిగ్గా వచ్చాయి. రోడ్డెక్కి బ్రేకు తొక్కగానే లూజు ఉన్నంత మేరా చక్రం తన ఇష్టం వచ్చినట్టు తిరిగింది. లూజు తీయకుండా చేసే ఎలైన్‌మెంట్, ఊగే బల్ల మీద తక్కెడ పెట్టి తూచడం లాంటిది.

ఆ రోజు రెండు వైపులా లోయర్ ఆర్మ్‌లు, రాడ్డు బుష్‌లు మార్చాం. ఒక పక్క పోయిందంటే రెండో పక్కకీ అదే వయసు కదా. బండి దించి, ఊపి, అప్పుడు బోల్టులు బిగించారు. ఆఖరున ఎలైన్‌మెంట్. ఇంటికొచ్చేదాకా రోడ్డు మీద గతుకుల కోసం వెతుక్కుంటూ వచ్చాను.

ఇప్పుడు మీరు ఇంట్లోనే చూసుకోగలిగినవి నాలుగు చెబుతాను. పాత బండి ఉన్నవాళ్ళు వినండి.

మొదటిది, టైర్లు. ముందు గాలి సరిచూడండి, చాలా జబ్బులు అక్కడే పోతాయి. తర్వాత టైరు మీద అరచెయ్యి అడ్డంగా రాయండి. ఒక వైపు రాస్తే నున్నగా, రెండో వైపు రంపంలా గీరుకుంటే, చక్రాల ముఖం తేడాగా ఉందన్నమాట. అక్కడక్కడా పళ్ళేల్లా లోతులు పడి ఉంటే షాకుని అనుమానించాలి. ఒకే అంచు అరిగితే కీళ్ళనీ, ఎలైన్‌మెంట్‌నీ చూడాలి.

రెండోది, మూల మీద నొక్కడం. బానెట్ మూల మీద బలంగా రెండు మూడుసార్లు నొక్కి వదలండి. ఒకసారి లేచి సర్దుకుంటే సరే. ఇంకా ఊగుతుంటే షాకు బలహీనపడింది. స్ట్రట్ ఒంటి మీద నూనె చెమ్మ పలచగా ఉంటే పర్లేదు, కారుతుంటే మాత్రం మార్చాల్సిందే.

మూడోది, ఆగి ఉన్న బండిలో ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే, ఇంకొకరు బానెట్ ఎత్తి, స్ట్రట్ పైభాగం బాడీకి బిగించిన చోట మీద చెయ్యి వేసి చూడడం. గెంతినట్టు చేతికి తెలిస్తే పైన ఉన్న బేరింగు పట్టేసిందని అర్థం.

నాలుగోది, చక్రం ఎత్తి ఊపడం. పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, బేరింగు తెలుస్తాయి. ఎడమా కుడీ, అంటే గడియారంలో తొమ్మిదీ మూడూ చోట పట్టుకుని ఊపితే స్టీరింగ్ టై రాడ్ ఎండ్‌లు తెలుస్తాయి. స్ట్రట్ ఉన్న బండిని బాడీ కింద ఎత్తి చూస్తే చాలు. స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చునే బండ్లలో మాత్రం జాకీ ఆర్మ్ కిందే పెట్టాలి. లేకపోతే స్ప్రింగు ఒత్తిడికి కీలు బిగుసుకుపోయి, లూజు ఉన్నా కనపడదు.

రెండు హెచ్చరికలు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి తల పెట్టొద్దు. స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి అడ్డం రాళ్ళు పెట్టి, అప్పుడే. రెండోది, స్ట్రట్ విప్పే పని ఇంట్లో వద్దు. లోపల అణిగి ఉన్న స్ప్రింగుని క్లాంపులతో పట్టకుండా పైన నట్టు విప్పితే అది మనిషి ప్రాణం తీయగలదు. కనిపెట్టడం మనం చేద్దాం, విప్పడం తెలిసినవాళ్ళకి వదిలేద్దాం.

ఇక ఆ నోటుపుస్తకం. రిపేరు అయిన రాత్రి, నాన్నగారి అలవాటు ప్రకారం ఖర్చు రాద్దామని డాష్‌బోర్డు అర తెరిచాను. ఆయన పోయాక ఆ పుస్తకం ముట్టుకోవడం అదే మొదలు. చూడబుద్ధి కాక వదిలేశాను అంతకుముందు. చివరి పేజీల్లో, 2019 నాటి ఒక సర్వీసు కింద ఆయన గుండ్రటి అక్షరాలతో రాసుకున్న లైను ఉంది. ఎడమ ముందు చక్రం దగ్గర రబ్బరు బూటు చిరిగిందని సర్వీసు కుర్రాడు చెప్పాడు, వచ్చేసారి మార్పించాలి అని.

ఆ వచ్చేసారి ఆయనకి రాలేదు. చిరిగిన బూటులోంచి నీళ్ళూ ఇసకా దూరాయి, గ్రీజు పోయింది, తుప్పు పట్టింది, గుండు అరిగింది. మూడేళ్ళు. నేను ఏడాదిపాటు వెతికిన జవాబు స్టీరింగ్‌కి మూరెడు దూరంలో, మా నాన్న చేతిరాతలో ఉంది. ఇరవై ఏళ్ళ రికార్డు చూడకుండా ఏ టర్బైనూ విప్పని మనిషిని నేను. ఇంట్లో మాత్రం రికార్డు తెరిచి చూడలేకపోయాను. దానికి కారణం ఇంజినీరింగ్ కాదని మీలో తండ్రిని పోగొట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది.

ఆ తర్వాత నేను ఆఫీసులో ఒక చిన్న మార్పు చేశాను. మా విభాగంలో ఏదైనా పార్టు మార్చమని రాసే కాగితంలో ఒక గడి అదనంగా పెట్టించాను. దాని మీద "ఎలా తెలిసింది?" అని ఉంటుంది, తెలుగులోనే. "చప్పుడు వస్తోంది" అని రాస్తే ఒప్పుకోం. ఏం చేస్తే వచ్చింది, ఏం చేస్తే ఆగింది, పాత రికార్డులో ఏముంది, అది రాయాలి. మొదట్లో మా కుర్ర ఇంజినీర్లు నవ్వుకున్నారు. నా వెనకాల ఏం పేరు పెట్టుకున్నారో నాకు తెలియదు గానీ ఊహించగలను. ఇప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటే వాళ్ళే కాగితం వెనక్కి పంపుతున్నారు.

మాస్టారూ, పొద్దున మీకు నమస్కారం పెట్టినప్పుడు "ఏం మాట్లాడతావురా?" అని అడిగారు. "కారు సస్పెన్షన్ గురించండీ" అంటే, "ఎన్నిసార్లు తప్పు చేశావు?" అన్నారు. అప్పుడు జవాబు చెప్పలేదు. మూడుసార్లండీ. నాలుగోసారి మీ ప్రశ్న గుర్తు చేసిన మనిషి దొరికాడు.

ఇవాళ ఆ కారులోనే వచ్చాను. అమ్మ ముందు సీటులో కూర్చుని వచ్చింది, ఇప్పుడు ఆడవాళ్ళ వరుసలో ఉంది. కారు గేటు పక్కన వేపచెట్టు కింద పెట్టాను. భోజనాలయ్యాక ఎవరికైనా సరదా ఉంటే వచ్చి బానెట్ మూల మీద నొక్కి వదలండి, ఎన్నిసార్లు ఊగుతుందో మీరే లెక్కపెట్టండి. నా మాట మీద మాత్రం నమ్మొద్దు.

 విస్తళ్ళు వేస్తున్నట్టున్నారు. సెలవు.